ఎండని చెరువు – గగన్‌పహాడ్ నీటి చరిత్ర

కాలుష్యం అనే మాటను నేడు మనం పొగకూ, మోతకూ, ప్లాస్టిక్కుకూ, చివరకు మనస్సుకూ వాడుకుంటున్నాము. కానీ ఆ మాటకు పుట్టినిల్లు నీరే. అమరసింహుడు తన నిఘంటువులోని వారివర్గంలో తేటనీటికి ప్రసన్నం, అచ్ఛం అనే పేర్లు చెప్పి, ఆ వెంటనే కలుషం, అనచ్ఛం, ఆవిలం అని మడ్డినీటికి మూడు పేర్లు చెప్పినాడు. కలుషము యొక్క భావము కాలుష్యము. అనగా అడుగు కనబడనంతగా కలగిపోయిన నీటి స్థితి అన్నమాట. అదే వర్గంలో తటాకం, కాసారం, సరస్సు అని పెద్దవాటిని చెప్పి, చిన్నదానిని పల్వలం అని వేరు చేసినాడు. మన తెలుగులో చెరువుకూ కుంటకూ ఉన్న భేదం వంటిదే అది.

మడ్డినీటిని తేర్చే ఉపాయం కూడా మనవారికి తెలుసు. చిల్లగింజను కుండ లోపలివైపు అరగదీసి నీరు పోస్తే మడ్డి అడుగుకు దిగుతుంది. సంస్కృతంలో దానిని కతకం అంటారు. కతకఫలం నీటిని తేటపరుస్తుందన్నది నిజమే కాని, దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేటపడదని మనుస్మృతి ఆరవ అధ్యాయంలో ఒక దృష్టాంతం ఉన్నది. ధర్మం విషయంలో చెప్పిన ఆ దృష్టాంతం చెరువుల విషయంలోనూ అక్షరాలా సత్యం. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలాలను గురించి చెప్పిన అధ్యాయంలో, బావినీరు బాగుపడడానికి అంజనం, తుంగముస్తలు, వట్టివేరు, ఉసిరిక మొదలైన వాటి పొడిని కతకఫలంతో కలిపి వేయమన్నాడు. ఈ వట్టివేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. దానితో మళ్లీ పని పడుతుంది.

ఇక గగన్‌పహాడ్. గగనం సంస్కృతం, పహాడ్ హిందుస్తానీ. రెండు భాషలు కలిసి ఒక రాతిగుట్టకు పేరు పెట్టినవి. హైదరాబాదు నుండి కర్నూలు మీదుగా బెంగుళూరుకు పోయే పాత బాటలో, ఆరాంఘర్ చౌరస్తా దాటి శంషాబాదు చేరకముందే వస్తుంది ఈ ఊరు. దానిని ఆనుకొని ఉన్నదే అప్ప చెరువు. ఈ ప్రాంతమంతా నల్లరాతి, ఎర్రరాతి బండల నేల. బండ నీటిని త్రాగదు, వాన పడగానే జారవిడుస్తుంది. అందుచేత రెండు గుట్టల నడుమ పల్లం ఎక్కడ దొరికినా అక్కడ కట్ట వేసి నీటిని ఆపడం ఈ దేశంలో బ్రతుకుతెరువు అయినది. పై చెరువు మత్తడి పోస్తే క్రింది చెరువు నిండుతుంది. అది పోస్తే దాని క్రిందిది. ఇట్లా గొలుసుకట్టుగా సాగి మిగులునీరు కడపట మూసీలో కలుస్తుంది.

చెరువు ఎట్లుండాలో చెప్పిన శాసనం మనకు ఒకటి ఉన్నది. కడప సీమలోని పోరుమామిళ్లలో 1369వ సంవత్సరంలో విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరం అనే చెరువు కట్టించి వేయించిన సంస్కృత శాసనం అది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని అని అందులో ఉన్నది. చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను ఆ శాసనం లెక్కించింది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుండి వచ్చే తియ్యని నీటి ఏరు, గుట్టల నడుమ గట్టి రాతికట్ట, లోతైన విశాలగర్భం, పనివాండ్ర గుంపు మొదలైనవి అంగాలు. కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం దోషాలు.

ఈ జాబితాలో రెండు సంగతులు గమనింపదగినవి. వచ్చే నీరు తియ్యనిది కావాలనీ, నేల చవుడు కారాదనీ చెప్పినప్పుడు శాసనకర్త దృష్టి నీటి పరిమాణం మీద మాత్రమే లేదు, నీటి గుణం మీద కూడా ఉన్నది. రెండు రాజ్యాల సరిహద్దు అన్న దోషం మరీ లోతైనది. ఇద్దరి హద్దులో ఉన్న చెరువుకు యజమాని ఉండడు. మరమ్మతు ఎవరిది అన్న ప్రశ్న దగ్గరే కట్ట తెగుతుంది. నేటి చెరువుకు ఒక శాఖ కట్టను చూస్తుంది, ఒక శాఖ భూమిని, ఒక శాఖ మురుగును, ఇంకొకటి చేపలను. ఆరు వందల యేండ్ల క్రిందటి దోషం పేరు మార్చుకొని మన మధ్యనే ఉన్నది.

పాత చెరువు నీరు ఎట్లా శుభ్రంగా ఉండేదన్న ప్రశ్నకు సాధారణంగా 'అప్పుడు మనుషులు మంచివారు' అని ఒక జవాబు వినబడుతుంది. అది చరిత్ర కాదు. అప్పుడూ చెరువులో పశువులను కడిగినారు, బట్టలు ఉతికినారు. అయినా నీరు బాగుపడేదంటే దానికి కారణం చెరువు నడిచే తీరులో ఉన్నది.

మొదటిది, గొలుసు. పైనున్న కుంటలో ఇసుక, ఒండ్రు దిగిపోయి క్రింది చెరువుకు కొంత తేరిన నీరు వచ్చేది. రెండవది, చెరువులోకి వాగు దిగే మూల. అక్కడ తుంగ, జమ్ము దట్టంగా పెరిగేవి. వాటి వేళ్ల నడుమ నీటి వేగం తగ్గి మడ్డి ఆగేది, నీటిలోని ఎరువు మొక్క ఒంట పట్టేది. మూడవది, తూము. నీరడి అని ఊరికొక నీటి కాపరి ఉండేవాడు. తూము ఎత్తడం, మూయడం, ఏ మడికి ఎంత నీరని పంచడం, కట్టకు బుంగ పడితే ఊరిని లేపడం అతని పని. కళ్లంలో ధాన్యం అతని జీతం. తూము ద్వారా నీరు నిత్యం పొలానికి పోతూ ఉండేది కనుక చెరువులో నీరు నిలువనీరు కాదు. నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. చెరువు వేసవిలో ఎండేది.

ఎండిన చెరువును చూసి మనం అయ్యో అంటాము. కాని ఆ ఎండడంలోనే దాని ఆరోగ్యం ఉన్నది. అడుగున పేరుకున్న మట్టికి గాలి, ఎండ తగిలి అందులోని కుళ్లు హరించుకుపోయేది. రైతులు బండ్లు కట్టుకొని ఆ ఒండ్రును పొలాలకు తోలుకొనేవారు. నీటిని పచ్చబరచి నాచును పెంచేవి ప్రధానంగా భాస్వరం, నత్రజని. అవి ఒండ్రుతో కలిసి ఏటేటా పొలానికి చేరేవి. చెరువుకు విషమైనది చేనుకు ఎరువు అయ్యేది. వానలు వచ్చేనాటికి చెరువు గర్భం ఖాళీగా, లోతుగా, వరదను మ్రింగడానికి సిద్ధంగా ఉండేది. అంటే పూడిక తీయడం, నీటిని శుభ్రపరచడం, వరదను ఆపడం మూడు పనులు కావు, ఒకే పని.

సింహళ ద్వీపంలో ఇదే విద్యకు ఇంకా స్పష్టమైన పేర్లు ఉన్నవి. అక్కడి ఎండసీమ చెరువులకు ఎగువన గాలిని, ఆవిరిని అడ్డే చెట్ల పట్టీని గస్‌గొమ్మన అన్నారు. వచ్చే నీటిని వడగట్టే గడ్డి పట్టీని పెరహన అన్నారు. కట్టకు దిగువన, చవుడును పీల్చుకొనే మొక్కల పట్టీని కట్టకడువ అన్నారు. పేరు ఉన్నచోట పని నిలుస్తుంది. మనకు పని ఉండి దానికి ప్రత్యేకమైన పేరు లేకపోయిన చోట, పని పోయినప్పుడు పోయినదని కూడా మనకు తెలియలేదు.

గొలుసుకట్టులో ఒక ప్రమాదం కూడా ఉన్నది. పై చెరువు తెగితే ఆ నీరంతా క్రింది కట్ట మీద పడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు వేలమంది మరణించినారు. మరుసటి ఏట నిజాము పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలనలో, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండగా, వాటిలో 221 తెగిపోయినట్లు తేలింది. తెగినవాటిలో అధిక భాగం శంషాబాదు వైపు నుండి పారే ఈసీ పరీవాహకంలోనివే. ఆయన సూచన మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినవి. అవి వరదనూ ఆపినవి, నగరానికి త్రాగునీరూ ఇచ్చినవి.

త్రాగునీటి జలాశయం కనుక హిమాయత్‌సాగర్‌కు చట్టపు రక్ష కూడా దొరికింది. 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, రెండు జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలలో కలుషిత పరిశ్రమలను, పెద్ద కట్టడాలను నిషేధించినది. ఆ తరువాత శంషాబాదు మండలంలోని పెద్దషాపూర్‌లో ఒక ఆముదపు నూనె ఉత్పత్తుల పరిశ్రమ తనకు మినహాయింపు కావాలని పోరాడగా, ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకూ నడుమ నడిచిన వ్యాజ్యంగా అది న్యాయశాస్త్ర గ్రంథాలకు ఎక్కినది. 1999 జనవరిలో న్యాయమూర్తి జగన్నాధరావు వ్రాసిన తీర్పు, హాని జరుగుతుందని ప్రజలు నిరూపించనక్కర లేదు, హాని జరగదని పరిశ్రమయే నిరూపించాలి అనే ముందుజాగ్రత్త సూత్రాన్ని మన దేశ న్యాయంలో గట్టిగా నాటినది. 2000 డిసెంబరులో వచ్చిన రెండవ తీర్పు ఆ మినహాయింపును కాదన్నది. దేశం నలుమూలలా నీటి వ్యాజ్యాలలో ఉదహరించే ఆ తీర్పు శంషాబాదు మండలపు ఒక పల్లె నుండి మొలిచినదని ఆ పల్లెవారికే ఎందరికి తెలుసు? 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో 111లోని నిషేధాలను సడలించినది. నగరానికి కృష్ణా గోదావరుల నీరు వస్తున్నది కనుక ఈ జలాశయాల వంతు స్వల్పమన్నది అందుకు చెప్పిన కారణం.

హిమాయత్‌సాగర్‌కు ఉత్తర్వు ఉన్నది, తీర్పు ఉన్నది. దాని ప్రక్కనున్న అప్ప చెరువు వంటి సాగునీటి చెరువులకు ఉన్న రక్ష ఆయకట్టు మాత్రమే. పొలం ఉన్నన్నాళ్లు చెరువు రైతుకు కావాలి. నగరం దక్షిణానికి పెరిగినది. కాటేదాన్ పరిశ్రమల వాడ విస్తరించినది. అక్కడి మట్టిలో సీసం, క్రోమియం వంటి లోహాలు మితిమీరినట్లు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరుచుకున్నది. బాహ్యవలయ రహదారి వచ్చినది. మడి ఇంటిజాగా అయినది. మడి పోగానే తూముతో పని లేదు. తూముతో పని లేనప్పుడు నీరడితో పని లేదు. శిఖం భూమి ఖాళీ జాగా వలె కనబడినది.

ఇక్కడే చెరువు స్వభావం తలక్రిందులైనది. ఇంటింటి మురుగు, కార్ఖానా మురుగు ఏడాది పొడుగునా వచ్చి చేరితే చెరువు ఎండదు. ఎండనిది కనుక పూడిక తీసే వీలు లేదు. తూము మూసుకుపోయినది కనుక నీరు కదలదు. భాస్వరం బయటకు పోయే దారి లేదు, కనుక గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. దాని క్రింద వెలుతురు లేదు, ప్రాణవాయువు లేదు. చేప బ్రతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. పగలు నాచు ఇచ్చిన ప్రాణవాయువును రాత్రి నాచే పీల్చుకుంటుంది కనుక, తెల్లవారుజామున చేపలు తేలుతాయి. ఎవరో విషం కలిపినారని అనుకుంటారు. కొన్నిసార్లు అదీ నిజమే. తక్కినప్పుడు అది మన వంటిళ్ల, స్నానాలగదుల నీళ్ల పని.

ఎండని చెరువుకు ఇంకొక లక్షణం ఉన్నది. అది ఎప్పుడూ నిండుగా ఉంటుంది. నిండిన కుండలో వాన పట్టదు.

2020 అక్టోబరు 13న హైదరాబాదు మీద కుండపోత కురిసింది. బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైనది. ఆ రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగినది. నీరు 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా దూకి వాహనాలను ఈడ్చుకుపోయినది. ప్రాణాలు పోయినవి. విమానాశ్రయపు దారి తెగిపోయినది. ఆ వానలకే మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెరువు, కొద్ది రోజులలో బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్టలు తెగినవి. 1908లో ఈసీ లోయలో చెరువులు తెగిన కథ నూటపన్నెండేండ్లకు చిన్న అచ్చులో మళ్లీ ముద్రింపబడినది. భేదం ఒక్కటే. అప్పటి చెరువుల క్రింద పొలాలు ఉన్నవి, ఇప్పటి చెరువుల క్రింద ఇండ్లు ఉన్నవి. 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థ ఆ ఏడు ఆగస్టు చివర అప్ప చెరువు పూర్తి నీటిమట్టంలోకి చొచ్చుకువచ్చిన షెడ్లను కూల్చినది. ఆక్రమణ తొలగింపు అవసరమే. కాని జాగా తిరిగివచ్చినంత మాత్రాన నీరు తిరిగిరాదు. షెడ్డు పోయిన చోట మురుగు నిలిస్తే చెరువుకు కలిగిన మేలు సగమే.

ఈ సమస్య మనకొక్కరికే కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 1982లో వాననీటి నిర్వహణకు రాష్ట్రవ్యాప్త నియమం చేసినది. 1987లో అక్కడి జాతీయ స్వచ్ఛజల చట్టానికి చేసిన సవరణ నగరాల వాననీటిని కూడా కాలుష్య కారకంగా ఎంచినది. అప్పటి నుండి కొత్త నివాస కాలనీలలో వాననీటి కుంట సామాన్య దృశ్యమైనది. అక్కడి తెలుగు మిత్రులలో పలువురి ఇండ్ల వెనుక అటువంటి కుంట ఉండనే ఉంటుంది. దానిని చూసుకోవలసినది సాధారణంగా ఇంటి యజమానుల సంఘమే. పదేండ్లకో ఇరవై యేండ్లకో పూడిక తీయవలసి వచ్చేసరికి ఖర్చు చూసి సంఘం గుండె జారుతుంది. పచ్చిక మీద చల్లిన ఎరువు వానకు కొట్టుకొనివచ్చి కుంట పచ్చబడుతుంది. మైలుతుత్తం చల్లితే నాచు చస్తుంది కాని, చచ్చిన నాచు కుళ్లి ఉన్న ప్రాణవాయువును మ్రింగుతుంది. నీటిని ఎగజిమ్మే ఫౌంటెన్ గాలిని కలుపుతుంది కాని, వచ్చే ఎరువును ఆపదు. పటిక భాస్వరాన్ని పట్టి అడుగుకు దించుతుంది, మన చిల్లగింజ మడ్డిని దించినట్లే. అయినా పైనుండి వచ్చేది ఆగనిదే పటిక ఎన్నాళ్లు వేయగలరు?

వారు అనుభవంతో చేరిన ఉపాయాలు చూడండి. నీరు ప్రవేశించే చోట మడ్డి దిగడానికి ఒక చిన్న గుంట. ఒడ్డు చుట్టూ కోయని గడ్డి, నీటిమొక్కల పట్టీ. అప్పుడప్పుడు పూడికతీత. పైకుంట, తుంగ జమ్ము, ఒండ్రు తోలకం! పేర్లు వేరు, విద్య ఒక్కటే.

మన దగ్గర ఇటువంటి ప్రయత్నం లేకపోలేదు. ఇదే రంగారెడ్డి జిల్లాలో మణికొండ ప్రక్కన నెక్నాంపూర్ చెరువు ఉన్నది. చుట్టూ కాలనీల మురుగుతో, గుర్రపుడెక్కతో నిండిన ఆ చెరువులో 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడినేలల దినాన, ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ నీటిపై తేలే తోట ఒకటి వదిలినది. వెదురు, థర్మోకోల్, గోనె, కంకర పేర్చి చేసిన తెప్ప మీద మొక్కలు నాటినారు. వేళ్లు నీటిలోకి వ్రేలాడుతూ ఎరువును పీల్చుకుంటాయి. వేళ్లను పట్టుకొని ఉండే సూక్ష్మజీవులు కుళ్లును విరుస్తాయి. ఆ మొక్కలలో జమ్ము ఉన్నది, మెట్టతామర ఉన్నది. వట్టివేరు కూడా ఉన్నది! వరాహమిహిరుడు చెప్పినది పొడి, ఇది ప్రాణమున్న వేరు. రెండూ ఒకటే శాస్త్రమని నేను అనను. అయినా ఆ వేరు మళ్లీ నీటి దగ్గరకే చేరడం చూసి సంతోషించకుండా ఉండలేము. తెప్ప ఒక్కటే చెరువును బాగుచేయదన్నది కూడా చెప్పాలి. ఎగువ మురుగు శుద్ధి కాకుండా వస్తున్నంత కాలం అది రోగికి పథ్యం లేని మందు.

2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైబడిన చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకొని, పూడిక మట్టిని మళ్లీ పొలాలకు పంపినది. పల్లెలో ఆ చక్రం తిరిగి కదిలినది, ఎందుకంటే అక్కడ మట్టికి పొలం ఉన్నది. నగరపు చెరువు మట్టిలో లోహాలు కలిసి ఉంటే దానిని ఏ పొలమూ పుచ్చుకోదు. పుచ్చుకోరాదు కూడా. అందుచేత నగరంలో పూడికతీతకు ముందు మట్టి పరీక్ష, దానికి ముందు కార్ఖానా మురుగు కట్టడి అవసరం. వరుస తప్పితే పని చెడుతుంది.

మరి చెరువు ఒడ్డున ఇల్లు కొనుక్కున్నవారు ఏమి చేయగలరు? నా దృష్టిలో వారే నేటి ఆయకట్టుదారులు. చెరువు నుండి వారికి పంట రాదు. బోరుబావిలో ఊట వస్తుంది, దోమ తగ్గుతుంది, వరద రాత్రి ప్రాణం నిలుస్తుంది. ఆ ఫలం అనుభవించేవారు పూర్వం రైతు చేసినట్లే చాకిరీ చేయవలసి ఉంటుంది. కాలనీ శుద్ధియంత్రం కాగితం మీద కాక నిజంగా నడుస్తున్నదో లేదో నెలనెలా చూడాలి. వాననీటి కాలువలో మురుగు గొట్టం కలిసిందేమో వెదకాలి. వాన లేని రోజున కాలువ పారుతుంటే అది మురుగే కావచ్చునని అనుమానించాలి, ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు. తూము ఎక్కడున్నదో కనుక్కొని దానిని మళ్లీ తెరిపించమని అడగాలి. వానకాలానికి ముందు నీటిమట్టాన్ని దించి ఉంచేవాడు ఒకడు కావాలి. అతనికి జీతం ఉండాలి, పేరు ఉండాలి. నీరడి అన్న పేరు ఖాళీగానే ఉన్నది.

చెరువుకు హారతులు ఇస్తున్నాము, ఒడ్డున దీపాలు పెడుతున్నాము, నడకదారులు వేస్తున్నాము. మంచిదే. కతకం పేరు పలికితే నీరు తేటపడదన్న స్మృతివాక్యం మాత్రం మరువరాదు. బ్లాగు మిత్రులు తమ ఊరి చెరువు వేసవిలో ఎండుతున్నదో లేదో, వాన లేని రోజున దానిలోకి ఏ నీరు వస్తున్నదో ఒకసారి చూసి వ్రాస్తే, నాలాంటి వృద్ధులు సంతోషించడమే కాక, ముందు వచ్చే వానకాలానికి ఎవరి ప్రాణానికైనా అది అక్కరకు రావచ్చును.

స్వస్తి.